సైకిలు మెడ: ఫోర్కుకు తగిన కప్పులు కుదుర్చుకోవడం



సైకిలు తొక్కడం మీలో చాలామందికి వచ్చు. హ్యాండిలును ఎటు తిప్పితే ముందుచక్రం అటు తిరుగుతుందని కూడా తెలుసు. అయితే ఆ తిరగడం ఎక్కడ జరుగుతున్నదో ఎప్పుడైనా గమనించారా? హ్యాండిలుకు దిగువన, చట్రానికి ముందుభాగంలో ఒక పొట్టి గొట్టం ఉంటుంది. దానిని హెడ్ గొట్టం అంటారు. చక్రాన్ని రెండు కాళ్ళతో పట్టుకొని ఉండే భాగం ఫోర్కు. ఫోర్కుకు పైన ఒక పొడుగాటి గొట్టం ఉంటుంది. ఇది హెడ్ గొట్టంలోకి కిందినుంచి దూరి పైకి వస్తుంది. ఈ ఫోర్కు గొట్టం హెడ్ గొట్టానికి ఎక్కడా తగలకుండా, కదలకుండా, అయినా సులువుగా తిరిగేటట్లు చూచే కప్పులు, కోనులు, గుండ్లు, నట్లు అన్నింటినీ కలిపి హెడ్‌సెట్ అంటారు. మన ఊళ్ళ సైకిలు షాపులలో ఈ పేరు తక్కువ. ‘హ్యాండిలు కప్పులు’ అంటేనే వారికి తెలుస్తుంది.

ఈ పాఠం ఎందుకు వ్రాయవలసి వచ్చిందో ముందుగా చెబుతాను. మన తరగతి విద్యార్థి ఒకరికి వాళ్ళ నాన్నగారు గ్యారేజి అమ్మకంలో పాత మూడు గేర్ల సైకిలు కొని తెచ్చారు. దాని ఫోర్కు వంగి ఉన్నది. మరొక పాత సైకిలు నుంచి ఫోర్కు తీసి దీనికి వేశారు. పైనట్టు రెండు మూడు చుట్లు తేలికగా ఎక్కి ఆ తరువాత బిగిసింది. ‘తుప్పు పట్టి ఉంటుంది’ అనుకొని పానా వేసి బలంగా తిప్పారు. నట్టు ఎక్కింది. సైకిలు బాగానే నడిచింది. రెండు వారాల తరువాత ఒక దిగుడులో ముందు బ్రేకు పట్టేసరికి నట్టు జారి, కప్పులోని గుండ్లు రాలి, హ్యాండిలు సగం తిరిగి ఇరుక్కుపోయింది. అబ్బాయి పక్కనున్న గడ్డిలో పడ్డాడు. మోచేయి గీరుకుపోవడంతో ఆపద తప్పింది. ఆ దిగుడు చివర పెద్ద రోడ్డు ఉన్నది.

ఆ నట్టు తుప్పువల్ల బిగియలేదు. అది ఆ ఫోర్కుది కాదు. రెండూ చూడడానికి ఒక్కలాగే ఉన్నవి. రెండింటి వెడల్పూ ఒక అంగుళమే. తేడా మరలో ఉన్నది. దాని సంగతి కొంచెం ఆగి చెప్పుకుందాం.

ముందు భాగాలను కిందినుంచి పైకి చూడండి. ఫోర్కు రెండు కాళ్ళూ కలిసేచోట, గొట్టం మొదట్లో కొంచెం లావుగా ఉండే భుజం ఉంటుంది. దానిమీద గట్టిగా కూర్చునేది కింది కోను. హెడ్ గొట్టం అడుగున లోపలికి బిగించేది కింది కప్పు. ఈ రెంటి నడుమ గుండ్లు. అలాగే హెడ్ గొట్టం పైన పై కప్పు, అందులో గుండ్లు, వాటిమీద ఫోర్కు గొట్టం మరకు ఎక్కించే మర కోను. దానిపైన ఒక వాషరు, అన్నిటికంటె పైన తాళపు నట్టు. కొన్ని పాత సైకిళ్ళలో పైభాగాన కప్పు, కోను తారుమారుగా ఉంటాయి. పని మాత్రం ఒకటే. తిరగలిలో కింది రాయి కదలదు, పైరాయి తిరుగుతుంది. ఇక్కడ కప్పులు కదలవు, కోనులు ఫోర్కుతోపాటు తిరుగుతాయి. తిరగలిలో రెండు రాళ్ళమధ్య గింజ నలుగుతుంది. ఇక్కడ గుండు నలగకూడదు, దొర్లాలి. తేడా అంతే!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక ఫోర్కుకు ఒక హెడ్‌సెట్ కుదరాలంటే కొలతలు కలవాలి. వాటిని కంటితో చూచి చెప్పలేము. వెర్నియర్ కాలిపర్స్ అనే కొలబద్ద కావాలి. అది పదోవంతు మిల్లీమీటరు వరకు చూపుతుంది. మీ బడి సైన్సు గదిలో ఉంటుంది, అడిగి తీసుకోండి.

మొదటి కొలత ఫోర్కు గొట్టం బయటి వెడల్పు. పాత సైకిళ్ళలో చాలావాటికి ఇది 25.4 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఒక అంగుళం. రెండవది, కింది కోను కూర్చునే భుజం వెడల్పు. మూడవది, హెడ్ గొట్టం లోపలి వెడల్పు, అంటే కప్పులు దూరే చోటు. ఈ మూడవదానిని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కొలవండి. రెండు కొలతలూ కలియకపోతే గొట్టం గుండ్రం తప్పిందన్నమాట. అప్పుడు కొత్త కప్పులు వేసినా నిలవవు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అంగుళం ఫోర్కులన్నీ ఒకటి కావు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసినవాటిలో కోను భుజం 26.4, కప్పు వెడల్పు 30.2 మిల్లీమీటర్లు. పాత జపాను ప్రమాణంలో భుజం 27.0, కప్పు 30.0. ఇటలీ వారి భుజం 26.5. పిల్లల బి.ఎం.ఎక్స్. సైకిళ్ళలో భుజం 26.4 అయినా కప్పు 32.7 దాకా ఉంటుంది. ఫ్రాన్సు పాత సైకిళ్ళలో గొట్టమే 25.0 మిల్లీమీటర్లు. క్వెబెక్ వైపు అలాంటివి పాత సామానులో ఎదురుకావచ్చు. అంగుళం నట్టు దానిమీద వదులుగా, ఎంతో సులువుగా ఎక్కేస్తుంది. ఎక్కింది కదా అని సంతోషించకండి. మర అంచులు మాత్రమే తగులుతుంటాయి, ఒక గుంటలో పడితే ఊడిపోతుంది. బిగిసే నట్టు ‘నేను నీదాన్ని కాను’ అని ముందే చెబుతుంది. వదులు నట్టు చెప్పదు. అందుచేత రెండవదే ఎక్కువ ప్రమాదం.

ఆరు పదులవంతుల మిల్లీమీటరు ఏపాటిది అని మీరు అడగవచ్చు. మన ఊళ్ళలో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం మీ తాతగారిని అడిగి తెలుసుకోండి. పట్టాను చక్రం చుట్టుకొలతకంటె కొంచెం చిన్నదిగా చేస్తారు. ఎర్రగా కాల్చినపుడు అది సాగి చక్రంమీద ఎక్కుతుంది. నీళ్ళు పోయగానే ముడుచుకొని కొయ్యను పట్టేస్తుంది. మేకు అక్కరలేదు. హెడ్‌సెట్‌లోనూ ఇదే సూత్రం, నిప్పు మాత్రం లేదు. కప్పు బయటి వెడల్పు హెడ్ గొట్టం లోపలి వెడల్పుకంటె ఒక మిల్లీమీటరులో పదోవంతు మొదలు పావువంతు వరకు ఎక్కువగా ఉంటుంది. కోను రంధ్రం భుజంకంటె ఆపాటి చిన్నదిగా ఉంటుంది. ఆ స్వల్పమైన బిగువే వాటిని పట్టి ఉంచుతుంది. అలాంటిచోట 0.6 మిల్లీమీటర్లు అంటే చాలా పెద్ద తేడా. 26.4 కోనును 27.0 భుజంమీద కొడితే కోను పగులుతుంది. 27.0 కోనును 26.4 భుజంమీద పెడితే గాజులా గలగలలాడుతుంది. కొందరు డబ్బారేకు ముక్క చుట్టి సర్దుతారు. ఆ పని చేయవద్దు. కోను వంకరగా కూర్చుంటుంది, గుండ్లు ఒకవైపే నలుగుతాయి. 27.0 భుజాన్ని 26.4కు చెక్కే పనిముట్టు, 30.0 గొట్టాన్ని 30.2కు విప్పే పనిముట్టు మంచి సైకిలు దుకాణాలలో ఉంటాయి. పెద్దదాన్ని తగ్గించవచ్చు, తగ్గినదాన్ని పెంచలేము.

ఇక మర సంగతి. ఒక అంగుళం పొడవులో ఎన్ని చుట్లున్నాయన్నదే మర లెక్క. ప్రమాణపు ఫోర్కులో 24 చుట్లుంటాయి. ఇంగ్లండులోని రాలీ కంపెనీ తన పాత సైకిళ్ళలో చాలావాటికి 26 చుట్ల మర పెట్టింది. అంగుళానికి రెండు చుట్లే తేడా. లెక్క చేసి చూడండి. ఆరు చుట్లు తిరిగేసరికి 24 మర నట్టు 6.35 మిల్లీమీటర్లు కదలాలి. 26 మర నట్టు 5.86 మిల్లీమీటర్లు కదలాలి. తేడా దాదాపు అర మిల్లీమీటరు. ఒక చుట్టు ఎత్తే సుమారు ఒక మిల్లీమీటరు కాబట్టి, ఆరవ చుట్టుకు నట్టు అంచు ఫోర్కు గాడిలోకి కాక ఫోర్కు అంచు మీదికి వస్తుంది. అందువల్లనే మొదటి రెండు మూడు చుట్లు తేలికగా ఎక్కి ఆ పిమ్మట బిగుస్తుంది. బలవంతాన తిప్పితే రెండు మరలూ ఒకదానినొకటి కోసుకుంటాయి. మన అబ్బాయి సైకిలుకు జరిగినది ఇదే. పాత రాలీ కప్పులు, నట్టు అలాగే ఉంచి, 24 మర ఫోర్కు వేశారు.

దీనిని గుర్తించడం కష్టం కాదు. ఫోర్కు మరపక్కన అంగుళాల స్కేలు పెట్టి చుట్లు లెక్కపెట్టండి. కళ్ళు తడబడితే, తెలిసిన 24 మర ఫోర్కును దీని పక్కన ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మరలు ఒకటే అయితే ఒకదాని పళ్ళు ఒకదానిలో కూర్చొని సందు కనిపించదు. లేకపోతే అక్కడక్కడ వెలుతురు తొంగిచూస్తుంది. ఏ నట్టునైనా వేళ్ళతోనే తిప్పి చివరిదాకా పంపగలగాలి. పానా పని ఆ తరువాతనే.

కెనడాలో ఈ చిక్కు ఎక్కువగా ఎదురవడానికి చరిత్ర కొంత కారణం. ఇక్కడ సైకిళ్ళ తయారీ పాతదే. 1899లో కొన్ని కంపెనీలు కలిసి సి.సి.ఎం. అనే పెద్ద సంస్థగా ఏర్పడ్డాయి. వ్యవసాయ యంత్రాలకు పేరుపొందిన మాసీ-హారిస్ వారి సైకిలు శాఖ కూడా అందులో చేరింది. టొరాంటో దగ్గరి వెస్టన్‌లో దాని కర్మాగారం ఉండేది. 1983లో ఆ సంస్థ దివాలా తీసింది. సైకిళ్ళ పేరు ప్రొసైకిల్ అనే క్వెబెక్ సంస్థ చేతికి పోయింది. అటు ఇంగ్లండు రాలీలు, ఇటు జపాను, అమెరికా, ఫ్రాన్సు సైకిళ్ళు కూడా ఇక్కడికి వచ్చాయి. అవన్నీ ఇప్పుడు ఇళ్ళ నేలమాళిగలలోను, గ్యారేజి అమ్మకాలలోను కలిసిపోయి ఉన్నవి. 1977 సెప్టెంబరులో రోడ్ల మీది వేగం బోర్డులు మైళ్ళనుంచి కిలోమీటర్లకు మారినవి గాని, సైకిలు మెడ మాత్రం ఇంకా అంగుళాలలోనే ఉన్నది! కాబట్టి చట్రంమీది పేరు చూచి కొలత ఊహించకండి. ఫోర్కు ఎప్పుడో మారి ఉండవచ్చు.

ఇక పొడవు. కప్పులు, కోనులు, నట్లు కలిసి హెడ్ గొట్టానికి అదనంగా ఆక్రమించే ఎత్తు ఒకటుంటుంది. హెడ్‌సెట్ పెట్టె మీద దానిని వ్రాసి ఉంటారు. హెడ్ గొట్టం 140 మిల్లీమీటర్లు, ఈ ఎత్తు 35 అయితే, భుజంనుంచి కొసదాకా ఫోర్కు గొట్టం సుమారు 175 ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువైనా పరవాలేదు. నాలుగైదు ఎక్కువైతే నట్టుకింద ఉంగరాలు పెట్టి సరిచేయవచ్చు. అయిదు తక్కువైతే తాళపు నట్టుకు పట్టుకొనడానికి మర చాలదు. తక్కువ ఎత్తుగల హెడ్‌సెట్ వెతుక్కోవలసిందే. ఫోర్కు కొనేముందే ఈ కూడిక చేసుకోండి.

అన్నీ కలిస్తే బిగించడం మొదలుపెట్టండి. పాత కప్పులను లోపలినుంచి ఒక ఇనుప కడ్డీతో చుట్టూ కొంచెం కొంచెంగా కొట్టి తీయాలి. ఒకేచోట కొడితే గొట్టం అంచు సాగుతుంది. కొత్త కప్పులను సుత్తితో కొట్టి ఎక్కించడం మన ఊళ్ళలో చూచి ఉంటారు. చెక్కముక్క అడ్డం పెట్టి నేర్పుగా కొట్టేవారు ఉన్నారు, కాదనను. కాని మీరు ఆ పని చేయవద్దు. హార్డువేరు దుకాణంలో పొడవాటి మర కడ్డీ, రెండు నట్లు, వెడల్పైన వాషర్లు కొనండి. కడ్డీని గొట్టంలోంచి దూర్చి, రెండు కొసలా వాషర్లతో కప్పును పట్టి నట్లు బిగిస్తూ పోతే కప్పు తిన్నగా లోపలికి పోతుంది. ఒక్కొక్క కప్పును వేరువేరుగా ఎక్కించండి. వంకర పట్టిందనిపిస్తే వెంటనే ఆపి, వెనక్కు తీసి మళ్ళీ మొదలుపెట్టండి. కింది కోనుకు ఫోర్కు గొట్టంమీద సరిపోయే మరొక ఇనుప గొట్టం తొడిగి, దాని పైకొసను సుత్తితో తట్టాలి. కోను భుజానికి పూర్తిగా ఆనినప్పుడు చప్పుడు మారుతుంది. చెవి పెట్టి వినండి.

గుండ్లు రెండు విధాలు. విడిగా వేసేవి, జాలీలో కూర్చినవి. విడి గుండ్లు చాలావాటిలో అంగుళంలో 32 భాగాలకు 5 భాగాలు, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు. కొన్నిటిలో అంతకంటె పెద్దవి. పాతవాటి కొలత చూచే కొత్తవి తెచ్చుకోవాలి. పాతవి కొత్తవి కలపకూడదు. కప్పులో గ్రీజు దండిగా పూసి, అందులో గుండ్లు వరుసగా అంటించి, చివర ఒకదానికి కొంచెం ఖాళీ వదలాలి. కిక్కిరిసి పెడితే దొర్లవు. జాలీకి ముందూ వెనకా ఉన్నది. గుండ్లు బయటికి కనిపించే వైపు కోనుకు, తీగచట్రం వైపు కప్పుకు ఉండాలి. తిరగేస్తే తీగ కోనుకు రాసుకొని కరకరమంటుంది. ఈ ఒక్కదానివల్ల మంచి హెడ్‌సెట్లు ఎన్నో పాడవుతున్నవి.

బిగువు సరిచేయడానికి రెండు పానాలు కావాలి. అంగుళం హెడ్‌సెట్‌కు సాధారణంగా 32 మిల్లీమీటర్లది. మర కోనును వేళ్ళతో ఆనేదాకా తిప్పి, రవంత వెనక్కు తీయండి. ఎందుకంటే తాళపు నట్టు బిగించినపుడు అది కోనును కిందికి నొక్కుతుంది. కోనును ఒక పానాతో పట్టి ఉంచి, రెండవ పానాతో నట్టు బిగించాలి. తరువాత ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు వెనక్కు ఊపండి. కప్పు దగ్గర వేలు పెడితే టకటక తగిలితే వదులు. ముందుచక్రాన్ని నేలనుంచి ఎత్తి పట్టుకోండి. హ్యాండిలు తనంతట తాను ఒకవైపుకు వాలాలి. మధ్యలో ఆగిపోతే బిగువు ఎక్కువ. ఊపూ ఉండకూడదు, పట్టూ ఉండకూడదు. మొదటిసారి ఇది కుదరదు, మూడు నాలుగుసార్లు చేయాలి. విసుగు పడవద్దు.

హ్యాండిలు కాడ బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. కాడమీద ఇంతకంటె పైకి తీయరాదని ఒక గీత ఉంటుంది. అది లోపలే దాగి ఉండాలి. కాడ అడుగు ముక్క ఫోర్కు గొట్టంలో మర ఉన్నచోట కాక, దానికి దిగువన బిగియాలి. మర కోసినచోట గొట్టం పలచన. అక్కడ ఒత్తిడి పడితే పగులుతుంది.

కొత్త సైకిళ్ళలో మరే ఉండదు. జాన్ రేడర్ అనే అమెరికా ఆయన కనిపెట్టిన పద్ధతికి 1992లో పేటెంటు వచ్చింది. ఇందులో హ్యాండిలు కాడే ఫోర్కు గొట్టాన్ని బయటినుంచి కౌగిలించుకుంటుంది. పై మూత బిగువును సరిచేస్తుంది, పట్టి ఉంచేది కాడ పక్క బోల్టులు. కాబట్టి మూత బిగించేముందు ఆ బోల్టులు వదులు చేయాలి. అవి బిగిసి ఉండగా మూతను ఎంత తిప్పినా ఫలితం లేదు. ఫోర్కు గొట్టం కొస కాడ అంచుకు సుమారు 3 మిల్లీమీటర్లు దిగువన ఉండాలి. ఇందులో మామూలు కొలత అంగుళం పైన ఎనిమిదోవంతు, అంటే 28.6 మిల్లీమీటర్లు. భుజం 30, కప్పు 34. కింద లావుగా, పైన సన్నగా ఉండే ఫోర్కులలో భుజం దగ్గర అంగుళంన్నర ఉంటుంది. కోను 39.8. అలాంటిది 34 కప్పుల పాత చట్రంలోకి దూరనే దూరదు. కార్బన్ గొట్టంలో నక్షత్రపు నట్టు కొట్టకూడదు, లోపల విచ్చుకొని పట్టే బిరడా వాడాలి. ఈ రోజులలో పెట్టెల మీద కొలతలను సంకేతాలతో వ్రాస్తున్నారు. కప్పు బయట కనిపిస్తుందా, గొట్టంలో దాగుతుందా అన్నది అక్షరాలు చెబుతాయి. మొదటి అంకె హెడ్ గొట్టానిది, గీత తరువాతది ఫోర్కుది.

మన చలికాలం గురించి ఒక మాట. రోడ్లమీద చల్లే ఉప్పు ముందుచక్రం నుంచి ఎగిరి నేరుగా కింది కప్పులోకి పోతుంది. అందుకే పై కప్పు కొత్తదిలా మెరుస్తుండగా కింది కప్పు తుప్పుపట్టి గుంటలు పడుతుంది. అలాంటి సైకిలు హ్యాండిలు తిన్నగా ఉన్నచోట ‘టిక్కు’మని ఆగుతుంది. గ్రీజు పూసినా ఆ గుంటలు పూడవు, కప్పూ కోనూ మార్చవలసిందే. వసంతంలో సైకిలు బయటికి తీసినపుడు కింది కప్పును విప్పి చూడండి. పడవలకు వాడే నీటికి తట్టుకొనే గ్రీజు మేలు. పనిముట్లు లేనివారు నగరాలలోని సామూహిక సైకిలు కర్మశాలలను అడగవచ్చు. వాంకూవరులో 1993లో మొదలైన ‘అవర్ కమ్యూనిటీ బైక్స్’ అలాంటిదే. అక్కడ చేసిపెట్టడం కంటె మీ చేత చేయించడం ఎక్కువ.

మన అబ్బాయి సైకిలుకు చివరకు ఏమి చేశారంటే, పాడైన ఫోర్కును పక్కనపెట్టి, మరొక పాత రాలీనుంచి 26 మర ఫోర్కు, దాని కోనులు, నట్లు అన్నీ కలిపి తెచ్చారు. నట్టు వేళ్ళతోనే చివరిదాకా ఎక్కింది.

అభ్యాసం

1. ఒక హెడ్ గొట్టం లోపలి వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లు, ఫోర్కు భుజం 27.0 మిల్లీమీటర్లు. ఇది ఏ దేశపు ప్రమాణం అయి ఉండవచ్చు? దీనికి 26.4 కోను తెస్తే ఏమవుతుంది?

2. హెడ్ గొట్టం 150, ఫోర్కు గొట్టం 187 మిల్లీమీటర్లు. 33 మిల్లీమీటర్ల ఎత్తుగల హెడ్‌సెట్ వేస్తే ఎన్ని మిల్లీమీటర్ల ఉంగరాలు కావాలి? 40 మిల్లీమీటర్లది వేయవచ్చునా? కారణం వ్రాయండి.

3. బిగిసే నట్టుకంటె వదులు నట్టు ఎందుకు ప్రమాదకరం? పాఠంలోని కొలతలతో వివరించండి.

4. పెద్దవారి సమక్షంలో మీ ఇంటి సైకిలు ముందు బ్రేకు పట్టి ఊపి చూడండి. కప్పు దగ్గర మీ వేలికి ఏమి తెలిసిందో పది వాక్యాలలో తెలుగులో వ్రాసి తీసుకురండి.